అరవై మూడో నంబరు బిళ్ల

"కార్డు."

పాలవ్యాను మనిషి నిట్టూర్చాడు. రెండేళ్లుగా రోజూ ఉదయం ఆరుంపావుకి అదే వ్యాను, అదే మనిషి, అదే పొడిదగ్గు. అయినా గేటు దగ్గర నిలబడ్డ కుర్రవాడు చెయ్యి చాపి అదే మాట అంటాడు. పాలమనిషి చొక్కా జేబు తడుముకున్నాడు, ప్యాంటు జేబు తడుముకున్నాడు, చివరికి సీటు కింది కాగితాల కట్టలోంచి కార్డు లాగి ఇచ్చాడు. కుర్రవాడు ఫొటో చూశాడు, మనిషి మొహం చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు.

"నిన్న చూసిన మొహమే కదయ్యా. రాత్రికి రాత్రి ఏం మారిపోతుంది?"

"మొహం మారదు. కార్డుకి గడువుంటుంది. నీది వచ్చే నెల పదో తారీఖుతో అయిపోతోంది, చూసుకో."

"రేపు నీకు పిల్లనిచ్చే మామ కూడా ముందు కార్డు చూపించాలి కాబోలు" అని గొణుక్కుంటూ పాలమనిషి వ్యాను లోపలికి పోనిచ్చాడు. కుర్రవాడు నవ్వలేదు. పుస్తకంలో టైము రాసి, కింద స్కేలు పెట్టి గీత గీసి, పెన్నుకి మూత పెట్టాడు.

క్యాంపులో అతన్ని అందరూ 'కార్డు' అనే పిలుస్తారు. అమ్మ పెట్టిన పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఇరవై మూడేళ్లు. సన్నటి మెడ, దానికి రెండింతల కాలరు, టోపీ జారకుండా ఆపడానికే పుట్టినట్టున్న రెండు చెవులు. తుపాకీ పట్టుకోవాలని సైన్యంలో చేరాడు. శిక్షణలో నలభై గుండ్లు పేల్చాడు, వాటిలో పదకొండు తగలాల్సిన చోట తగిలాయి. అది చూసి పైవాళ్లు అతని చేతికి బాల్‌పెన్ను ఇచ్చారు. కుడిచేతి మధ్యవేలు మీద కాయ కాసింది పెన్ను వల్లే. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం 'కాపలా డ్యూటీ' అంటాడు. అది అబద్ధమేమీ కాదు. వినేవాళ్లు దాన్ని ఎలా ఊహించుకుంటే అతనికేం సంబంధం?

గేటు గది ఎనిమిదడుగులు పొడుగు, ఆరడుగులు వెడల్పు. ఒక బల్ల, ఒక కుర్చీ, తిరిగినప్పుడల్లా పళ్లు కొరికే ఫ్యాను. బల్ల మీద రాకపోకల పుస్తకం. గోడ మీద ఎర్రరంగుతో అతనే స్వయంగా రాసిన బోర్డు. గుర్తింపు కార్డు ఒంటి మీదే ఉండాలని, ఎట్టి పరిస్థితిలోనూ బయటివాళ్ల చేతికి ఇవ్వకూడదని, పోగొట్టుకున్న సైనికుడికి ఆరు నెలలు సెలవు ఉండదని అందులో ఉంది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. అవి చదివి మంగలి పని చేసే సైనికుడు పోయిన నెల వెక్కివెక్కి ఏడ్చాడు. ఏట్లో ఈతకి దిగినప్పుడు అతని కార్డు నీళ్లలో కొట్టుకుపోయింది. పెళ్లాం నెలలు నిండి ఉంది. "నాలుగు రోజులు ఆగి రిపోర్టు రాయరా, ఈలోగా వెళ్లొచ్చేస్తాను" అని కాళ్లావేళ్లా పడ్డాడు. కార్డు ఆ సాయంత్రమే రిపోర్టు రాశాడు. కొడుకు పుట్టాడన్న కబురు మంగలి ఫోన్‌లో విన్నాడు. అప్పట్నించీ కార్డుకి జుట్టు కత్తిరించేటప్పుడు ఒక్క మాట మాట్లాడడు. మెడ దగ్గర కత్తి ఆనినప్పుడల్లా కార్డు ఊపిరి బిగబట్టుకుంటాడు.

బల్ల సొరుగులో ఒక కత్తెర ఉంది. పదవీ విరమణ చేసినవాళ్ల కార్డులు, చచ్చిపోయినవాళ్ల కార్డులు ఇక్కడికే వస్తాయి. వాటి మూల కత్తిరించి పెద్దాఫీసుకి పంపాలి. మూల తెగిన కార్డు చెల్లదు. ఇబ్బందేమిటంటే కత్తిరించాల్సిన మూలకి ఆనుకునే ఫొటో ఉంటుంది. అతనికి ముందు గేటులో ఉన్నవాడు ఏదో చాక్లెట్ కాగితం చించినట్టు కత్తిరించేసేవాడు. సగం మందికి నుదుళ్లు ఎగిరిపోయేవి. కార్డు అలా చెయ్యడు. స్కేలు పెట్టి, పెన్సిలుతో సన్నటి గీత గీసి, ఫొటో అంచు తగలకుండా అర అంగుళం ముక్క మాత్రం తీస్తాడు. ఇప్పటికి పంతొమ్మిది కార్డులు కత్తిరించాడు. ఒక్కరి వెంట్రుకకి కూడా కత్తెర తగల్లేదు. అతని ఉద్యోగంలో ఎవరూ గమనించని గొప్పతనం అదొక్కటే.

ఆ రోజు అతని మనసు మామూలు కంటే తేలిగ్గా ఉంది. పద్నాలుగు నెలల తర్వాత సెలవు దొరికింది. రేపొద్దున ఆరింటికి బయల్దేరితే రాత్రికి ఇంటికి చేరతాడు. ఎల్లుండి అమ్మకి కంటి ఆపరేషన్.

తొమ్మిది దాటాక ఒక ముసలాయన వచ్చాడు. చేతిలో గుడ్డసంచి, కాళ్లకి కొత్తగా కొన్న బిగుతు చెప్పులు. కొడుకు లోపలి ఆసుపత్రిలో ఉన్నాడట, కామెర్లట. కార్డు చెయ్యి చాపాడు. ముసలాయన ఇచ్చిన గుర్తింపు కాగితం గడువు తీరి రెండేళ్లయింది.

"ఇది చెల్లదు తాతా."

"నేను చెల్లుతాను కదా బాబూ. నన్ను చూసి పంపించు."

"ఊళ్లో ఆఫీసుకెళ్లి కొత్తది రాయించుకు రా."

"అది రెండు బస్సులు మారి వెళ్లాలి. వాణ్ని ఒక్క నిమిషం చూసి వచ్చేస్తాను. కావాలంటే సంచి ఇక్కడే పెడతాను. చెప్పులు కూడా పెడతాను."

కార్డు బోర్డు చూపించాడు. ముసలాయనకి చదువు రాదు. అతనికి గ్లాసుడు నీళ్లు ఇచ్చి, ప్రహరీ నీడలో కూర్చోమన్నాడు. అంతవరకూ అతనిలోని మంచితనం. ముసలాయన చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, ఎవరైనా కనికరిస్తారేమోనని వచ్చేపోయే వాళ్ల మొహాల్లోకి చూస్తూ కూర్చున్నాడు.

పదకొండుంబావుకి ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేశారు. కామెర్ల రోగిని నగరంలోని పెద్దాసుపత్రికి తరలిస్తున్నారట, అంబులెన్సు వెనక గేటు నుంచి వెళుతుందట, పుస్తకంలో రాసుకోమన్నారు. కార్డు రాసుకున్నాడు. టైము రాశాడు, బండి నంబరు రాశాడు, కింద గీత గీశాడు. రోగి పేరు రాస్తున్నప్పుడు అది ఆ ముసలాయన చెప్పిన పేరే అని తెలిసింది. లేచి రెండడుగులు వేశాడు కూడా. అంతలో సరుకుల లారీ వచ్చి హారన్ కొట్టింది. లారీలో ఏడుగురు కూలీలు, ఏడు కార్డులు. అవన్నీ చూసి పంపేసరికి అరగంట దాటిపోయింది.

అప్పుడు వెళ్లి చెప్పాడు. ముసలాయన తిట్టలేదు. తిడితే బాగుండేది. చెప్పుల్లో కాళ్లు దూర్చడానికి అవస్థ పడుతూ, "వెనక గేటు ఎక్కడుందో చెప్తే నేను అక్కడ నిలబడేవాణ్ని కదా బాబూ" అన్నాడు. అంతే. సంచి చంకలో పెట్టుకుని, ఎండలో రోడ్డు పట్టుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కార్డు రొట్టె సగం తిని పక్కన పెట్టేశాడు. అయినా తను చేసిన తప్పేమిటి? పుస్తకం ప్రకారం ఏమీ లేదు. ఆ మాటే మూడుసార్లు అనుకున్నాడు. ఒకసారితో సరిపోతే మూడుసార్లు అనుకోనక్కర్లేదు.

రెండింటికి చెల్లి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, రేపు వస్తున్నావు కదా? మళ్లీ మొన్నటిలా ఆఖర్న సెలవు లేదనవు కదా?"

"సెలవు కాగితం సాయంత్రం చేతికొస్తుంది. వచ్చేస్తున్నాను. అమ్మేం చేస్తోంది?"

"ఏం చేస్తుంది, నన్ను తిడుతోంది. కళ్లు కనపడకపోయినా నోరు బాగానే పని చేస్తోంది. ఇదిగో, లాక్కుంటోంది."

అమ్మ ముప్పై ఏళ్లు చొక్కాలకి కాజాలు కుట్టింది. తండ్రి ఎటో వెళ్లిపోయాక ఇద్దరు పిల్లలూ ఆ కాజాల మీదే పెరిగారు. రోజుకి రెండు వందల కాజాలు. తెల్లచొక్కాకి తెల్లదారం, నల్లచొక్కాకి నల్లదారం. ఆ నల్లదారమే ఆవిడ కళ్లు తినేసింది. పద్నాలుగు నెలల కిందట అతను ఇంటికి వెళ్లినప్పుడు యూనిఫారంలోనే వెళ్లాడు. అమ్మ ఎదురొచ్చి, అతని చొక్కా గుండీలు ఒక్కొక్కటే తడిమి, "కాజాలు మిషన్ మీద కుట్టారు, దరిద్రంగా ఉన్నాయి" అంది. తర్వాత అతని మొహం తడిమింది. చూడలేకపోయింది. కొడుకుని సైనికుడిగా ఆవిడ ఇంతవరకూ చూడలేదు.

"ఒరేయ్ నాన్నా" అంది అమ్మ ఫోన్‌లో. "ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పుతారట. అప్పుడు నువ్వు నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చో. పక్కన కాదు, ఎదురుగా. ముందు నీ మొహమే చూడాలి."

"మరి చెల్లి?"

"దాని మొహంలో కొత్తగా చూడ్డానికేముంది? ఆ యూనిఫారం వేసుకునే రా. టోపీ కూడా పెట్టుకో. డాక్టరుగారు కూడా చూస్తాడు."

"సరేలేవే అమ్మా."

"సరే కాదు. వస్తానని చెప్పు."

"వస్తాను."

నాలుగింటికి మీసాల సారు పిలిచాడు. గేటుకీ, సెలవులకీ, శిక్షలకీ ఆయనే పెద్ద. మీసాలు రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో గంటకోసారి అద్దంలో చూసుకుంటాడు. సెలవు కాగితం మీద సంతకం పెట్టి, చేతికివ్వకుండా పట్టుకున్నాడు.

"కార్డు?"

అతను ఎడమ జేబు గుండీ విప్పి చూపించాడు. మీసాల సారుకి అదొక సరదా. కార్డుని కార్డు అడగడం.

"రేపొద్దున గేటు దాటేటప్పుడు కాగితం, కార్డు, రెండూ ఉండాలి. ఒకటి లేకపోతే రెండోది చిత్తుకాగితమే. నీకు నేను చెప్పాలా? వెళ్లేటప్పుడు గేటులో నేనే ఉంటాను. నీ బదులు మనిషి వచ్చేదాకా నాకీ తద్దినం తప్పదు."

"ఉంటుంది సార్."

"మంగలివాడు కూడా అలాగే అన్నాడు." మీసాలు నవ్వాయి. కాగితం చేతికొచ్చింది.

బ్యారక్‌లో పక్క మంచం డ్రైవరుది. నిజానికి ఈ నెల సెలవు డ్రైవరుదే. "మీ అమ్మ కళ్లు ముందు, మా ఊళ్లో ఎవరున్నారు నాకు ఏడవడానికి" అని తన వంతు వదులుకున్నాడు. ఇప్పుడు వాణ్ని మరో క్యాంపుకి బదిలీ చేశారు. వాడూ రేపొద్దునే వెళ్లాలి. కార్డు యూనిఫారం మడతపెట్టి పెట్టెలో సర్దుతుంటే వాడు వచ్చి మూత మీద కూర్చున్నాడు.

"ఈ సాయంత్రం నాతో వస్తున్నావు. ఊళ్లో క్లబ్బు. పాటలు, లైట్లు. నువ్వు పుట్టి ఇలాంటిది చూసి ఉండవు."

"నేను రాను. పొద్దున్నే లేవాలి."

"ఏడింటికి వెళ్తాం, తొమ్మిదిన్నరకి వచ్చేస్తాం. నా సెలవు తీసుకున్నావు, రెండు గంటలు ఇవ్వలేవా? మళ్లీ ఎప్పుడు చూస్తానో నీ చేటచెవులు."

కార్డు వాణ్ని మూత మీంచి లేపాడు. పెట్టెకి తాళం వేసి, మామూలు చొక్కా వేసుకుని, తన కార్డు ఎడమ జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నాడు.

క్లబ్బు ఒక ఫర్నిచర్ కొట్టు కింద, నేలమాళిగలో ఉంది. వీధిలోంచి ఇరుకు మెట్లు దిగాలి. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాలి. మెట్లు దిగగానే కౌంటరు, దాని వెనక బక్కపల్చటి అమ్మాయి, ముందు ఒక ఇనప్పెట్టె. సైనికులకి సగం టికెట్టే. కానీ కార్డు అక్కడ పెట్టాలి. వెళ్లేటప్పుడు బిళ్ల ఇచ్చి కార్డు తీసుకోవాలి. తాగి గొడవ చేసి పారిపోకుండా యజమాని కనిపెట్టిన ఉపాయం అది.

"కార్డు" అంది అమ్మాయి, చెయ్యి చాపి.

తన మాట తనకే ఎదురు రావడం అతనికి అదే మొదటిసారి. చెయ్యి జేబు మీదికి వెళ్లి ఆగిపోయింది.

"పూర్తి టికెట్టు ఇస్తాను. కార్డు ఇవ్వను."

"సైనికులైతే పెట్టాల్సిందేనండీ. జుట్టు చూస్తేనే తెలుస్తోంది. నా ఉద్యోగం తీసేస్తారు."

వెనక మెట్ల మీద పదిమంది. "ఏంటయ్యా ఆలస్యం, పెళ్లిచూపులా?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. డ్రైవరు తన కార్డు పెట్టెలో పడేసి, "ఒరేయ్, పరువు తీయకు. రెండు గంటలకి ఏం కొంప మునుగుతుంది?" అన్నాడు. కార్డు చెవులు ఎర్రబడ్డాయి. గుండీ విప్పాడు. రెండేళ్లుగా ఒంటిని అంటిపెట్టుకున్న, అరచేతిలో సగమంత ఉన్న ఆ అట్టముక్కని అతను బయటివాళ్ల చేతిలో పెట్టాడు. బదులుగా ఇత్తడి బిళ్ల వచ్చింది. మీద అరవై మూడు అని ఉంది.

లోపల చీకటి, పొగ, కడుపులో దరువేసే చప్పుడు. పాట బయటికి వినపడకుండా పైకప్పంతా నల్లటి స్పాంజి అతికించారు. అది అక్కడక్కడా ఊడి నాలుకల్లా వేలాడుతోంది. కార్డు గోడ పక్కన నిలబడి, ఉద్యోగం అలవాటు కొద్దీ దారులు చూసుకున్నాడు. వచ్చేది మెట్ల దారి ఒకటి. బల్లల వెనక వంటగది, దానికి పల్లంలో ఉన్న వెనక సందులోకి ఇంకో తలుపు. ఇంతమంది లోపలికి వస్తుంటే ఎంతమంది వచ్చారో రాసుకునే పుస్తకం ఒక్కటైనా లేదు. అది చూసి అతనికి ఒళ్లు మండింది. డ్రైవరు చేతులు ఊపుతూ మొద్దులా గెంతుతున్నాడు. వాణ్ని చూసి కార్డుకి కూడా నవ్వొచ్చింది. ఒకసారి తల ఊపాడు. రెండుసార్లు ఊపాడు. మిగతా సమయమంతా ప్యాంటు జేబులో బిళ్ల ఉందో లేదో తడుముకుంటూ గడిపాడు.

ఎనిమిదీ నలభైకి ఎవరిదో పుట్టినరోజు వచ్చింది. సీసాల మూతులకి కాకరపువ్వొత్తులు గుచ్చి వెలిగించి, తలల మీదుగా ఎత్తి తెచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక రవ్వ స్పాంజిని అంటుకుంది. చిన్న నీలం మంట. అదీ ఆటలో భాగమే అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

కార్డు కొట్టలేదు. డ్రైవరు కాలరు పట్టుకుని లాగాడు.

"వంటగదిలోకి నడు."

"మెట్లు అటు కదరా!"

"అందరూ అటే పోతారు. నడు."

అతని జీవితంలో అతను ఇచ్చిన మొదటి ఆజ్ఞ అది. డ్రైవరుతో పాటు దగ్గర్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లనీ, పళ్లెం పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డ వడ్డించే మనిషినీ తోసుకుంటూ వంటగదిలోంచి సందులోకి తెచ్చాడు. బయట చల్లగాలి. అందరూ దగ్గుతూ గోడకి చేరబడ్డారు. కార్డు వాళ్లని వేలితో లెక్కపెట్టాడు. తనతో కలిపి ఐదుగురు. సరిగ్గా ఉంది.

ఊపిరి కుదుటపడటానికి ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడు ఎడమ జేబు చేతికి తగిలింది. గుండీ ఊడి ఉంది. జేబు ఖాళీ.

ఐదు నిమిషాల కిందట మంట చూసినప్పుడు కూడా అంత భయం వేయలేదు అతనికి. రేపొద్దున గేటులో చెయ్యి చాపబోయే మీసాల సారు కళ్లముందు కనపడ్డాడు. ఆరు నెలలు. అది కూడా పోగొట్టుకున్నవాడికి. తను బయటివాళ్ల చేతికి ఇచ్చాడు. బోర్డు రాసినవాడు, మంగలి మీద రిపోర్టు రాసినవాడు. ఎల్లుండి ఆపరేషన్, ఆ మర్నాడు కట్టు విప్పడం, ఎదురుగా కుర్చీ.

"నా కార్డు కౌంటరులో ఉంది" అన్నాడు.

"నాదీ ఉంది. తగలబడనీ" అన్నాడు డ్రైవరు, వాంతి చేసుకుంటూ.

"నీకు రేపు సెలవు లేదు. నాకుంది."

"పిచ్చా నీకు? నేను సాక్ష్యం చెప్తాను. మంటల్లో పోయిందని చెప్తాను!"

"మంగలిది నీళ్లలో పోయింది. నేనేమన్నా విన్నానా?"

డ్రైవరు అతని చొక్కా పట్టుకున్నాడు. వాడి చేతుల్లో బలం లేదు. కార్డు ఆ వేళ్లని మర్యాదగా ఒక్కొక్కటే విడదీశాడు. సందులోని పంపు కింద జేబురుమాలు తడుపుకుని ముక్కుకి కట్టుకున్నాడు. "కౌంటరు ఎంత దూరం, ముప్పై అడుగులు" అన్నాడు. అతని లెక్క ఎప్పుడూ తప్పదు, ముప్పై అడుగులే. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

డ్రైవరు పాకుతూ, లేస్తూ సందు చుట్టి ముందు వీధిలోకి వచ్చాడు. అక్కడ రోడ్డు అవతల దీపస్తంభం కింద కౌంటరు అమ్మాయి కూర్చుని ఉంది. ఒక కాలికే చెప్పుంది. ఒళ్లో ఇనప్పెట్టె. ప్రాణం పోయినా పెట్టె వదలొద్దని యజమాని ఉద్యోగంలో చేరిన రోజే చెప్పాడట. కప్పు మీద నీలం మంట కనపడగానే పెట్టె చంకన పెట్టుకుని అందరికంటే ముందు మెట్లెక్కేసింది. కార్డులన్నీ భద్రంగా ఉన్నాయి. నంబరు వరసలో సర్ది ఉన్నాయి.

తెల్లవారాక మంటలార్పే వాళ్లు అతన్ని కౌంటరు వెనక చూశారు. మెట్ల దగ్గర ఒకరి మీద ఒకరు పడి ముప్పై ఒక్కమంది పోయారు. అతను మాత్రం వేరుగా ఉన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, తల బల్లకి ఆనించి, కుడిచెయ్యి కింది సొరుగులో పెట్టి. పై సొరుగులు మూడూ అప్పటికే వరసగా తెరిచి ఉన్నాయి. ఎడమచేతి గుప్పిట్లో బిళ్ల ఉంది.

ఇంట్లో అమ్మకి చెప్పలేదు. కన్నీళ్లు పెట్టుకుంటే కంటికి ప్రమాదమన్నాడు డాక్టరు. అన్నయ్యకి సెలవు దొరకలేదని చెల్లి అబద్ధమాడింది. ఆ మాట ఎలా అనగలిగిందో ఆ పిల్లకే తెలియాలి. ఆపరేషన్ అయింది. కట్టు విప్పే రోజు అమ్మ పట్టుబట్టి ఎదురుగా కుర్చీ వేయించుకుంది, ఆఖరి నిమిషంలోనైనా వస్తాడేమోనని. కొత్త కన్ను మొట్టమొదట చూసింది ఆ ఖాళీ కుర్చీనే. అది చూసి ఆవిడ కొడుకుని నానా తిట్లూ తిట్టింది. ఆ సాయంత్రం చెప్పారు. మర్నాడు సీలువేసిన పెట్టె వచ్చింది. తెరవకూడదని ఆజ్ఞ. పెట్టెతో పాటు కవరులో బిళ్ల వచ్చింది.

వారం తర్వాత ఉదయం పదింటికి గేటు ముందు ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారు. పెద్దావిడకి ఆపరేషన్ అయిన కంటి మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ రేకు ఉంది. కొత్త మనిషి ఇంకా రాలేదు, గేటు గదిలో మీసాల సారే కూర్చున్నాడు. వచ్చినవాళ్లు ఎవరో ఆయనకి తెలియదు. చెయ్యి చాపాడు.

"కార్డు?"

"నా దగ్గర లేదు బాబూ. దానికోసమే వచ్చాను" అంది ఆవిడ. చీర కొంగు ముడి విప్పి, ఇత్తడి బిళ్ల తీసి పుస్తకం మీద పెట్టింది. "ఇది ఇస్తే మావాడి కార్డు ఇస్తారట కదా. వాడి స్నేహితుడు ఫోన్‌లో చెప్పాడు. అందులో వాడి ఫొటో ఉందట, యూనిఫారంలో. నేనెప్పుడూ చూడలేదు."

మీసాల సారు లేచి నిలబడ్డాడు. అలా ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలియలేదు.

"కార్డు ప్రభుత్వానిదమ్మా. ఇంటివాళ్లకి ఇవ్వరు."

"ఇవ్వొద్దు. ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను. ఇక్కడే, మీ ముందే."

ఆయన చెయ్యి సొరుగు పిడి మీద ఉంది. కార్డు ఆ సొరుగులోనే ఉంది, పెద్దాఫీసుకి పోవాల్సిన కవరులో. నిన్ననే ఆయన దాని మూల కత్తిరించాడు. స్కేలు పెట్టలేదు. పెన్సిలు గీత గీయలేదు. అటు ఫోన్ మోగుతుంటే తొందరలో కత్తెర ఆడించాడు. టోపీ పోయింది, ఒక చెవి పోయింది, నుదురు కనుబొమ దాకా ఏటవాలుగా తెగిపోయింది. మిగిలింది ఒక కన్ను, గడ్డం, కాలరు.

"పైకి పంపేశామమ్మా" అన్నాడు మీసాల సారు. "పొద్దున్నే, తపాలాలో."

ఆవిడ రేకు లేని కన్ను ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ కన్ను కూడా మసకే. చూపు వచ్చిన కన్ను రేకు వెనక ఉంది.

"ఎంతసేపయింది బాబూ?"

"అరగంట."

"అయ్యో, బస్సు ఆలస్యమైంది" అంది ఆవిడ, తప్పు తనదే అన్నట్టు. చెల్లి ఆవిడ భుజం పట్టుకుని తిప్పింది. రెండడుగులు వేశాక ఆ పిల్లే ఆగి, బిళ్ల బల్ల మీదే ఉండిపోయిందని గుర్తుచేసింది.

"ఉండనీవే. అది వాళ్ల వస్తువు. కార్డు ఇచ్చినా ఇవ్వకపోయినా ఇక మన దగ్గరెందుకు?" అంది అమ్మ. ఇద్దరూ ప్రహరీ పక్క నుంచి రోడ్డెక్కారు.

మీసాల సారు కూర్చున్నాడు. రాకపోకల పుస్తకంలో టైము రాయాలి. వచ్చినవాళ్ల పేర్లు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. ఫ్యాను పళ్లు కొరుకుతూ తిరుగుతోంది. పేజీ అంచు లేస్తోంది, పడుతోంది. కానీ తిరగబడటం లేదు. దాని మీద అరవై మూడు అని రాసి ఉన్న ఇత్తడి బిళ్ల, అంచున మసి ఇంకా పోకుండా, బరువుగా కూర్చుని ఉంది.